పాముచెవులాయన చెవి మిషను

మా మావయ్యను అందరూ పాముచెవులాయన అంటారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే పెద్ద యాంటెన్నా ఒకటి మా ఇళ్ల వెనకే ఉంది. శాస్త్రవేత్తలు దానికేదో గొప్ప పేరు పెట్టారు కానీ మాకది మూకుడే. చుట్టుపక్కల కరెంటు వస్తువులేవీ దానికి అడ్డు తగలకుండా చూడటం ముప్పై ఏళ్లుగా మావయ్య ఉద్యోగం.

మూకుడు మీద కథలకు కొదవ లేదు. "మూకుడు వింటోంది, నోర్మూసుకోండి" అని తల్లులు పిల్లల్ని అదిలిస్తారు. ఇద్దరు తోడికోడళ్లు ఆ భయంతోనే ఏడాదిపాటు చీటీలు రాసుకుని తిట్టుకున్నారట. నేను నమ్ముతాను, ఇద్దరూ నాకు తెలుసు. ఇంకోసారి కొత్త నక్షత్రం దొరికిందని శాస్త్రవేత్తలు కేకు కోసుకున్నారు. మావయ్య హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతి యాంటెన్నా పట్టుకుని, అందులోంచి చెవికి వచ్చే రొదను బట్టి వెళ్లి, ఆ నక్షత్రాన్ని పశువుల డాక్టరుగారి కాలింగ్ బెల్లులో పట్టుకున్నాడు.

ఆయన ఎవరినీ కసరడు. చెడిన వస్తువు తెచ్చుకుని, తన బల్ల మీద బాగుచేసి, సాయంత్రానికి ఇచ్చేస్తాడు. రిజిస్టరులో మాత్రం ఇల్లు, వస్తువు, తేదీ రాసితీరుతాడు. అందులో మా అమ్మ మిక్సీ కూడా ఉంది. తోడబుట్టిన అక్క అని కూడా చూడలేదు మహానుభావుడు.

నేనూ అక్కడే కంట్రోల్ రూములో పనిచేస్తాను. పోయినేడాది రోజూ పదకొండు గంటలకు తెర మీద ఒక గీత పొడుచుకు రావడం మొదలైంది. పది నిమిషాలుండి పోయేది. వారం తిరిగినా మావయ్యకు దొరకలేదు. పై సోమవారం నుంచి, ఏడాదిన్నరగా అందరూ ఎదురుచూస్తున్న పరిశీలన ఉంది. "పెద్దాయన్ని స్టోర్సులో కూర్చోబెట్టి, బయటివాళ్లనెవరినైనా పిలుద్దాం" అన్నారు డైరెక్టరుగారు. నాకు ఒళ్లు మండింది. తాళాల గుత్తి చేతికిచ్చి కూర్చోబెడితే మా మావయ్య నెల తిరక్కుండా మంచం పడతాడు.

మర్నాడు పొద్దున ఆయన వెంట పడ్డాను. క్వార్టర్స్ వీధిలో నడుస్తున్నాం.

"ఈ హెడ్‌ఫోన్లు పాతబడ్డాయే అమ్మాయ్. ఏమీ రావట్లేదు" అన్నాడు.

పదకొండయింది. సొంత ఇంటి ముందు నుంచి ఆగకుండా నడిచిపోతున్నాడు. వాల్యూమ్ చివరిదాకా తిప్పి ఉంది. ఆయన చెవుల మీది కీచురొద రెండడుగుల దూరంలో ఉన్న నాకు వినిపిస్తోంది. హెడ్‌ఫోన్లకేమీ కాలేదని అప్పుడర్థమైంది. చెబితే ఆయన పని పోతుంది, చెప్పకపోతే ఇంతమంది కష్టం పోతుంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"మావయ్యా, ఇక్కడే. మనింట్లోనే" అని గట్టిగా అరిచాను.

"నీ మొహం. మనింట్లో రేడియో కూడా లేదు."

లోపలికి వెళ్లాం. అత్తయ్య అద్దం ముందు నిలబడి, చిక్కుడు గింజంత వస్తువేదో తన చెవిలో సర్దుకుంటోంది. మమ్మల్ని చూసి ఉలిక్కిపడింది. అది చెవి మిషను, సెల్‌ఫోనులా గాల్లోకి సంకేతాలు పంపే కొత్తరకం. ఎవరితోనో తెప్పించి దుప్పట్ల కింద దాచింది. రోజూ వంట కాగానే తీసి, ఎలా పెట్టాలో నేర్చుకుంటోంది.

"చెబితే ఎగిరిపడతారు కదా! ముందు నేను నేర్చుకుంటే మీకు నొప్పి లేకుండా పెట్టొచ్చని..." అంది మావయ్యతో. మిషను తీసి అరచేతిలో పెట్టుకుంది. "రెండేళ్లయింది మీరు నా పిలుపుకి పలికి. అలిగారేమో అనుకున్నాను కొన్నాళ్లు."

మావయ్య ఆమె పెదవుల వంకే చూస్తూ మంచం మీద కూలబడ్డాడు. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట" అని రిజిస్టరు తెమ్మన్నాడు. ఇల్లు అన్నచోట 'నాది' అని రాశాడు. అది పట్టుకుని తిన్నగా డైరెక్టరుగారి దగ్గరకే నడిచాడు.

"నా చెవులు పోయాయి సార్. చేతులు బాగానే ఉన్నాయి. వినడానికి మా మేనకోడల్ని ఇవ్వండి" అన్నాడు.

డైరెక్టరుగారు ఆ పేజీని రెండుసార్లు చదువుకుని, సరేనన్నారు.

కొత్త మిషను మూకుడి దగ్గర పనికిరాదు. మావయ్య మూడు రోజులు బల్ల దగ్గర కూర్చుని, గాల్లోకి సంకేతాలు పంపనిది, రేకు డబ్బాలో ఇమిడే తీగల మిషను ఒకటి కట్టాడు. ఆదివారం పదకొండింటికి ఆయన దాన్ని పెట్టుకున్నాడు, నేను తెర ముందు కూర్చున్నాను. గీత రాలేదు. ఆ మాట చెబుదామని పరుగున ఇంటికి వెళ్లాను.

మావయ్య ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. చొక్కా జేబులోంచి చెవికి తీగ. వంటింట్లోంచి అత్తయ్య, బదులు రాదని తెలిసినా మానుకోలేని అలవాటుతో, "ఏమండీ" అంది.

"ఆఁ" అన్నాడు మావయ్య.

గరిటె చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంటి, చెప్పు."

"ఏం లేదు, ఊరికే" అని లోపలికి వెళ్లిపోయింది. కాసేపాగి మళ్లీ పిలిచింది.