సరే అనే అత్త, ఊ అనని పొట్టేలు

మా మేనత్త హనుమంతమ్మ మనుషులతో ఎక్కువగా వాడే మాట ఒకటే: సరే. మిగతా మాటలన్నీ గొర్రెల కోసం దాచుకునేది. ఎన్నికలప్పుడు మూడు పార్టీలవాళ్లు వచ్చి ఓటడిగితే ముగ్గురికీ సరే అంది. ఆ ఓటు తమకే పడిందని ముగ్గురూ ఇప్పటికీ నమ్ముతున్నారు. మామ పోయిన కొత్తలో ఆమె మరిది వచ్చి, "వదినా, రోడ్డు పక్క చేను నేను చేసుకుంటా, గుట్ట కింద రాళ్లచేను నువ్వు చేసుకో" అంటే దానికీ సరే అంది. హిందూపురంలో ఏదో లాడ్జి అనుకుని ఎవరో రాంగ్ నంబరు కొట్టి, "రూము ఉండాదా?" అంటే ఆమె సరే అంది. వాళ్లు పెళ్లాం పిల్లలతో సహా హిందూపురం బస్టాండులో దిగి, అడ్రసు చెప్పమని ఆమెకే ఫోన్ చేశారు.

నేను పెనుకొండలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. అత్త ఫోన్ వారానికోసారి నా అంగడికి వచ్చేది. పాడైపోయి కాదు. కంపెనీవాళ్లు ఫోన్ చేసి ఈ పాట కాలర్ ట్యూన్‌గా పెట్టమంటారా అంటే సరే అంటుంది కదా, ఆ పాటలు తీసేయడానికి. ఒకసారి ఎవరో చచ్చిపోయారని చెప్పడానికి ఫోన్ చేస్తే అటువైపు పెళ్లి బ్యాండు మోగింది. నాకు ఒళ్లు మండిపోయి, "ఒకసారన్నా కాదని చెప్పలేవా అత్తా?" అని అరిచాను.

"కాదంటే మాటకు మాట పెరుగుతాది నాయనా. సరే అంటే పోతారు" అంది.

ఇది మా ఊళ్లో అందరికీ భక్తిలాగా కనిపించేది. మారెమ్మ గుడి దగ్గర మైకు దొరికినప్పుడల్లా ఉమాశంకర్, "శరణాగతి అంటే ఏమో తెలుసుకోవల్లంటే మన హనుమంతక్కను సూడండి. ఎదురుమాట లేదు!" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

ఉమాశంకర్ గురించి చెప్పాలి. మా ఊరి పెద్దకాపుల ఇంటి వాడు, మల్బరీ తోటలున్నవాడు, కాళ్లకు మొక్కడంలో పార్టీ భేదం లేనివాడు. నడుం నొప్పి ఉందని డాక్టరు వంగొద్దన్నాడు. వంగకుండా రాజకీయం ఎట్లా చేయాలో మాత్రం ఆ డాక్టరు చెప్పలేదు. ధర్మవరంలో ఒక పెళ్లిలో తెల్లచొక్కా చూసి తొందరపడి ఎమ్మెల్యే డ్రైవరు కాళ్ల మీద పడ్డాడు. తలెత్తి చూసి, పొరపాటు తెలిసి, పడ్డది ఎట్లాగూ పడ్డాం కదా అని ఆశీర్వాదం తీసుకునే లేచాడు. ఫోన్‌లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా వంగే మాట్లాడతాడు. అట్లా వంగి వంగి చివరికి మార్కెట్ యార్డు డైరెక్టర్ పదవి సంపాదించాడు. పదవి వస్తే మారెమ్మకు పొట్టేలును ఇస్తానని మొక్కుకుని ఉన్నాడు. విందుకు ఎమ్మెల్యేని కూడా పిలిచాడు.

పొట్టేలు కోసం సంతకు పోలేదు. నేరుగా అత్త ఇంటికి వచ్చాడు. "అక్కా, మేపినోళ్లు మనసారా ఇచ్చిన పొట్టేలైతేనే అమ్మకు ఇష్టమంట. నీ ముద్దన్నను ఇస్తావు కదా, మనసారా?"

"సరే" అంది అత్త.

ముద్దన్నంటే ఆమె మంద పొట్టేలు. పుట్టిన వారానికే తల్లి పోతే, మేకపాలు పట్టి, రాగిముద్ద చిన్న చిన్న ఉండలు చేసి తినిపించి పెంచింది. అందుకే ఆ పేరు. మందలో ఏ గొర్రె ఎటు పోయినా వాడు మాత్రం ఆమె కంబళి అంచు పట్టుకునే నడిచేవాడు. ఉమాశంకర్ పోయాక నేను, "నిజంగా ఇస్తావా?" అని అడిగాను. "సరే అన్నా కదా" అని ముఖం అటు తిప్పుకుంది. చెయ్యి మాత్రం వాడి వీపు మీద ఉన్నిలో అట్లాగే ఆడుతూ ఉంది.

పండగనాడు పొద్దున్నే ముద్దన్నకు పసుపు రాసి, మెడలో వేపమండలు కట్టి గుడి ముందు నిలబెట్టారు. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. కత్తి ఎత్తే ముందు పొట్టేలును అడగాలి. వీపు మీద నీళ్లు పోసి, చెవిలో తీర్థం చల్లుతారు. అది తల మొదలు తోక దాకా ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. పూజారి "ఒప్పుకునింది!" అని అరుస్తాడు, తప్పెట్లు మోగుతాయి. విదిలించే దాకా దాని మీద కత్తి పడదు.

పూజారి నరసింహులు చెంబుడు నీళ్లు పోశాడు. ముద్దన్న కదల్లేదు. బిందెడు పోశారు. కళ్లు మూసుకుని హాయిగా నిలబడ్డాడు. ఎందుకంటే అత్త వాణ్ని వారం వారం బోరు పైపు కిందే నిలబెట్టి కడిగేది. నీళ్లు వాడికి పండగ. ఈ సంగతి ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు, నేను చెప్పలేదు.

ఉమాశంకర్ పెనుకొండ నుంచి ఐసుగడ్డలు తెప్పించాడు. ముద్దన్న కింద పడిన ఐసు ముక్కను నాకాడు. పెళ్లిళ్లలో పెట్టే పెద్ద కూలరు తెచ్చి ముందు పెట్టారు. దాని ఎదురుగా పడుకున్నాడు. డీజే పెట్టారు. గుడి గోడకు ఉన్న బల్లులు పారిపోయాయి కానీ ముద్దన్న నెమరు వేస్తూ ఉన్నాడు. బత్తలపల్లి నుంచి పశువుల డాక్టరు వచ్చి, చెవులు చూసి, నాలుక చూసి, "ఆరోగ్యంగానే ఉండాదప్పా. ఇష్టం లేదేమో" అని బండెక్కి పోయాడు. తలుపుల అనే ఊరి నుంచి ఎవరో అనుభవజ్ఞుణ్ని పిలిపించారు. ఆయన చెవిలో ఊదితే పొట్టేలు తుమ్మింది.

"తుమ్మితే తల కదిలింది కదా! ఒప్పుకునినట్టే!" అన్నారు సగం మంది.

"తుమ్ము అపశకునం. ఇంకా కాసేపు ఆగల్ల" అన్నాడు నరసింహులు.

ఈలోగా ధర్మవరంలో బయల్దేరామని ఎమ్మెల్యే మనుషుల దగ్గర నుంచి ఫోను. ఉమాశంకర్ ఫోన్‌కు వంగి, "ఐపోయింది సార్, ఉడుకుతాండాది సార్" అన్నాడు. ఉడకాల్సినది కూలరు ముందు పడుకుని ఉంది. ఫోన్ పెట్టేసి, "హనుమంతక్కను పిలవండి. ఆయమ్మ చెప్తే వింటాది" అన్నాడు.

అత్త వచ్చింది. చేతిలో టిఫిను డబ్బా, అందులో ముద్ద. వాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదని తెచ్చుకుంది. ముద్దన్న ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఉమాశంకర్ ఆఖరి ఐసు బకెట్టు ఎత్తి కుమ్మరించాడు. ముద్దన్న ఒక్క అడుగు పక్కకు వేశాడు. బకెట్టు మొత్తం అత్త నెత్తిన పడింది.

ఆమె అట్లాగే నిలబడింది. వెంట్రుకల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తప్పైంది అక్కా" అన్నాడు ఉమాశంకర్, తప్పు గురించి ఆలోచించకుండానే. "పెద్దాయన దోవలో ఉండాడు. నువ్వే ఏదో ఒకటి చేసి దీన్ని విదిలిచ్చేలా చెయ్యి. ఏం, సరేనా?"

ఊరంతా 'సరే' కోసం చూసింది. నేనూ అదే వస్తుందనుకుని పళ్లు కొరుక్కున్నాను. అత్త పొట్టేలును చూసింది, ఉమాశంకర్‌ను చూసింది. తల అడ్డంగా ఊపింది. గట్టిగా, రెండు వైపులకూ, నీళ్లు చింది నా చొక్కా మీద పడేలా.

"ఒప్పుకునింది!" అని అరిచాడు నరసింహులు.

తప్పెట్లు దరువందుకున్నాయి. పాపం వాళ్లను అనడానికి లేదు. పొద్దున్నుంచి తడిసిన తల ఎప్పుడు కదులుతుందా అని కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు, కదిలింది. ఎవరో టెంకాయ కూడా కొట్టేశారు. నరసింహులే ముందు తేరుకుని చేతులు ఊపి తప్పెట్లు ఆపించాడు.

"ఆయమ్మ విదిలిచ్చింది. పొట్టేలు కాదు" అన్నాడు నసుగుతూ.

"ఎవురైతే ఏమప్పా?" అన్నాడు ఉమాశంకర్. "పొట్టేలు ఆయమ్మది. తల విదిలిచ్చింది. విదిలిస్తే ఒప్పుకునినట్టే కదా!"

"నేను వద్దన్నా" అంది అత్త.

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చిందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. తప్పెట కొట్టేవాడు వెనక్కి తిరిగి, ఇంకెవరైనా అన్నారేమోనని చూశాడు.

"తల అడ్డంగా ఊపితే వద్దనే కదప్పా? మీరు ఇండ్లల్లో ఊపరా? సంగటి ఇంకొంచెం పెట్టనా అంటే అడ్డంగా ఊపినాక కూడా పెడితే ఊరకుంటారా? నేనూపితే వద్దని, గొర్రె ఊపితే సరేననా?" అత్త పూజారి వైపు తిరిగింది. "నరసింహన్నా, అవి వద్దంటాండాయో సరే అంటాండాయో ఎప్పుడన్నా అడిగినావా?"

నరసింహులు పొట్టేలు వైపు చూశాడు. చేతిలో చెంబు కింద పెట్టి గుడి మెట్టు మీద కూలబడ్డాడు. "మా తాత కాలం నుంచి..." అన్నాడు. "మా నాయన... నేను... అన్నీ వద్దనేమో అంటాండె..." ఎవరో మజ్జిగ తెచ్చి తాగించారు. జనంలో ఉన్న ముసలివాళ్లు తాము తిన్న కూరలన్నీ గుర్తొచ్చినట్టు ముఖాలు పెట్టారు. నాకు నవ్వు ఆగలేదు. మా అత్తను చూసి గర్వంతో ఏడుపు కూడా వచ్చింది, దాచుకోను.

అత్త ఎవరినీ పట్టించుకోలేదు. తడిచీరతోనే గుడి గడప దగ్గర బోర్లా పడి మొక్కింది. ఆమెను పడమని ఎవరూ చెప్పలేదు.

"మారెమ్మా," అంది, అందరికీ వినిపించేలా, "నీకు వాడు కావల్లంటే నువ్వే అడుగు. నేనే ఇస్తా. ఈళ్ల చేత అడిగిపియ్యొద్దు."

లేచి, డబ్బా మూత తీసి, ముద్దన్నకు ముద్ద తినిపించింది. మొత్తం తిన్నాడు. కొంగుతో వాడి మూతి తుడిచింది. అప్పుడు ముద్దన్న నాలుగు కాళ్లూ ఊని, తల మొదలు తోక దాకా, పసుపు నీళ్లు గుడి గోడ మీద పడేలా ఒళ్లు విదిలించాడు.

ఒక్క తప్పెట కూడా మోగలేదు.

ముద్ద తిన్నాక వాడు రోజూ చేసే పనే అది. నేను ఎన్నిసార్లు చూశానో. చెప్పబోయాను. అంతలో నరసింహులు ముఖం గోడ వైపు తిప్పుకుని, "నేను సూల్లేదు" అన్నాడు. "మేమూ సూల్లేదు" అన్నారు తప్పెటలవాళ్లు.

"నేను సూసినా! నేను సూసినా!" అని ఎగిరాడు ఉమాశంకర్.

"నేనూ సూసినా" అంది అత్త. ఆమె ముఖం పాలిపోయింది. 'రోజూ చేస్తాడు' అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ముద్దన్న మెడలో తాడు విప్పింది. "అడిగింది. ఇచ్చేసినా."

ఉమాశంకర్ కత్తి కోసం చెయ్యి చాపాడు.

"ఆగప్పా. అమ్మ అడిగింది ముద్దన్నను. కూర అడగలేదు."

నరసింహులు మెట్టు మీద నుంచి లేచాడు. ఆయనకు ప్రాణం తిరిగొచ్చింది. "ఔ! కట్టు ప్రకారం ఇప్పుడిది అమ్మ సొత్తు. వదిలిపెట్టాల్సిందే. దీని మీద ఎవురన్నా చెయ్యేస్తే వాళ్ల పదవికి మంచిది కాదు" అన్నాడు. అట్లాంటి కట్టు ఉందో లేదో నాకు తెలీదు. పదవి అనే మాట వినగానే ఉమాశంకర్ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. పొట్టేలుకు మొక్కాడు. ఎమ్మెల్యే ఇంకేదో పని పడి బత్తలపల్లిలోనే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఊరంతా సంగటి, చెనిక్కాయల చట్నీ తిని ఇళ్లకు పోయింది.

ఇప్పుడు ముద్దన్న మారెమ్మ పొట్టేలు. ఎక్కడ మేసినా అదిలించేవాళ్లు లేరు. వాడికి మల్బరీ ఆకు రుచి తెలిసింది. పొద్దున్నే ఉమాశంకర్ తోటలో దూరతాడు. ఉమాశంకర్ గట్టు మీద నిలబడి, పళ్లు కొరుకుతూ, నడుం నొప్పితో వంగి దండం పెడతాడు. వాడు మేస్తూనే ఒకసారి ఒళ్లు విదిలిస్తాడు. దానికి అర్థం ఏమిటని నరసింహులును అడిగితే, తాను ఇప్పుడు అర్థాలు చెప్పడం మానేశానంటాడు.

అత్త మారింది. మరిది మళ్లీ ఏదో సంతకం అడగడానికి వస్తే తల అడ్డంగా ఊపింది. కంపెనీవాళ్లు ఫోన్ చేసినా తల అడ్డంగానే ఊపుతోంది. అది వాళ్లకు కనిపించదు కాబట్టి పాటలు పడుతూనే ఉన్నాయి, నేను తీసేస్తూనే ఉన్నాను.

సాయంత్రాలు ముద్దన్న ఆమె గుమ్మం ముందుకు వచ్చి నిలబడతాడు. ముద్ద పెడుతుంది, మూతి తుడుస్తుంది, కట్టెయ్యదు. "మీ వాడు బలిసినాడే" అని ఎవరన్నా అంటే, "నా వాడు కాదు" అంటుంది. వాడు చీకటి పడకముందే గుడి వైపు పోతాడు, ఈమె మలుపు దాకా చూస్తూ నిలబడుతుంది.

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను. "ఉమాశంకర్‌కు సరే అన్నప్పుడూ వాడు పోయేవాడే. అమ్మకు ఇచ్చినా వాడు పోయినాడు. నీకు ఏం తేడా అత్తా?"

ఆమె టిఫిను డబ్బా కడిగి గుమ్మం పక్కన బోర్లించింది.

"సరే అనిన దినాల్లో కండ్లల్లో నీళ్లు రావు, నిద్రా రాదు నాయనా" అంది. "వాణ్ని ఇచ్చేసిన దినం ఏడ్చి ఏడ్చి అట్లనే నిద్రపోయినా."