గొలుసు లేని రెండు చక్రాలు

తొమ్మిదేళ్లుగా ఒక గొలుసును మోస్తున్నాను. రాతి మీద ఉండవలసింది, నా మాట వల్ల లేకుండా పోయింది. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరుగరు కనుక మీకు చెబుతున్నాను.

నేను మిలిట్రీలో లారీ నడిపాను. మా రవాణా దళం గుర్తులో రెండు చక్రాలు, వాటిని కలుపుతూ సన్నని గొలుసు. చేరిన వారంలోనే మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ దాని అర్థం చెప్పాడు. ముందుపోయే డ్రైవర్ అద్దంలో వెనకబండిని చూసుకుంటూ పోవాలి. కనబడకపోతే ఆగాలి. అదే ఆ గొలుసు.

నా వెనకబండి యాకోబుది. ఆత్మకూరు వాడు, మాది పక్క ఊరే. ఒక మధ్యాహ్నం కొండదారిని పొగమంచు కమ్మింది. మలుపు తిరిగి అద్దంలో చూస్తే వాడి లైట్లు లేవు. ఎందుకు ఆగలేదు? ఆగితే ముందుబండి దాటిపోతుందని, ఆ మంచులో ఒక్కడినే మిగిలిపోతానని భయం. వాడే వస్తాడులే అనుకున్నాను. ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇంతకన్నా పెద్ద కారణం దొరకదు. వాడి బండి వెనక లేదని క్యాంపు చేరాకే చెప్పాను. లోయలో వాడు దొరికేసరికి కాసేపటి ముందే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. విచారణలో మంచుకు ఏమీ కనబడలేదన్నాను. నమ్మారు.

ఏడాదికి వాళ్ల నాయిన సమాధి కట్టిస్తూ, సిలువ కింద కొడుకు టోపీ మీది గుర్తు చెక్కించాలని పట్టుబట్టాడు. నన్ను పిలిపించాడు.

“బిడ్డా, రాయి చెక్కెటాయన చక్రాలైతే చెక్కుతడట. గొలుసు సన్నగున్నది, రాయి పెచ్చులూడుతదంటాండు. గది తప్పకుండ ఉండాల్నా? దానికేమన్న అర్థమున్నదా?”

“ఏం లేదు బాపు. అందం కోసం పెట్టిన్రు.”

“గట్లనా. నువ్వు జెప్పినవంటె ఇగ ఫికర్ లేదు.”

అర్థం చెబితే, ముందుబండి ఎవరిదని అడిగేవాడు. అందుకే చెప్పలేదు. కొండ మీద భయపడ్డానంటే సరే, ఆ ముసలాయన ముందు కూడానా?

ఏటా సమాధుల పండుగకు పోతాను. కొడుకు దోస్తునని మొదటి కొవ్వొత్తి నా చేతికే ఇస్తాడు. పోయినసారికి ఆయన చూపు బాగా తగ్గింది. చక్రాలను వేళ్లతో తడిమాడు. ఒకదాని నుంచి రెండోదానికి పోతూ, మధ్యలో నున్నటి రాతి మీద కాసేపు చెయ్యి ఆపాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇది రాశాక కొంచెం ఊపిరాడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. ఆయనకు చెప్పవలసింది ఇంతే: అద్దంలో చూశాను బాపు. వాడు లేడు. నేను ఆగలేదు.