కంది సాలు లెక్క

కాదండీ, బోర్డు నిండా లెక్క చేసి చూపించడం నేరమెలా అవుతుంది? నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన వేడి మీదున్నాను. కర్నూలు సిటీలో పెరిగినవాణ్ణి, కోడుమూరు నాకో లెక్కా అనుకుంటూ (బస్సులో ఫోన్లోంచి తల ఎత్తకుండా) అక్కడో ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పడానికి పోయాను. అది రాకపోతే మా మామ ఎరువుల కొట్లో బస్తాల మధ్య కూర్చోవాలి.

బోర్డు మీద రాశాను: మొదటి పదం నాలుగు, ఆపై ప్రతి పదమూ దాని ముందు పదానికి ఎనిమిది కలిపితే వస్తుంది, సామాన్య భేదమెంత? అంటే పక్కపక్క పదాల మధ్య తేడా. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి (కూడికకు ఎందుకంటారా? అలవాటు) పది పదాలు రాసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తూ పోయాను.

వెనక బెంచీలోంచి పెద్దసారు లేచాడు. స్కూలు ఆయనదే, ఊరి బయట చేనూ ఆయనదే.

“ఏమప్పా, ఎనిమిది కలపమని నువ్వే రాస్తివి. మల్లా ఆ ఎనిమిది యాడుండాదని ఎతుకుతాండావా?”

“పద్ధతి సార్! స్టెప్పులు లేకుంటే మార్కులు రావు!” గొంతు పెంచాను.

“సరేప్పా. మా చేన్లో ఏడు సాళ్లు శెనిక్కాయ, ఒక సాలు కంది, మల్లా ఏడు శెనిక్కాయ, ఒక కంది. గట్టు కాడ మూడే శెనిక్కాయ సాళ్లు పట్టి, నాలుగో సాలు కంది అనుకో. తర్వాతి కంది సాలుకు ఎంత కలపల్ల?”

“ఏడు!” అన్నాను, ఫోను కూడా చూడకుండా.

క్లాసంతా గొల్లుమంది. అందరూ విత్తనం గొర్రు వెనక నడిచిన పిల్లలే. ముందు బెంచీ అమ్మాయి చున్నీ నోటికడ్డం పెట్టుకుని, “ఏడు కలిపితే శెనిక్కాయ సాల్లో పడతాము సార్. ఎనిమిది! బోర్డు మీద మీరు రాసిందే సార్ ఇది” అంది.

నేనూరుకున్నానా? “ఇది సిలబస్‌లో లేదు!” అని అరిచాను.

“శానా కోపముండాదప్పా నీకు. ఒకసారి ఇత్తనం పనికి వచ్చిపో, ఆమీట డెమోకు వద్దువు” అని పెద్దసారు సాగనంపాడు.

బస్తాల మధ్యే కూర్చుని ఫోన్లో లెక్కల వీడియోలు మొదలుపెట్టాను. ఈ ఒక్క లెక్కకే పద్దెనిమిది నిమిషాల వీడియో ఉంది నాది. కంది సాలుతో మొదలెడతాను (ఎక్కడ నేర్చుకున్నానో చెప్పను), పది పదాలూ రాస్తాను, అన్నీ తీసేస్తాను, చివర్లో “జవాబు మొదటి వరుసలోనే ఉంది చూశారా!” అంటాను. “ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు సార్” అని కింద కామెంట్లు. ఎనిమిదిని ఎదురుగా పెట్టుకుని ఎనిమిది కోసం వెతికిన ఆ కుర్రాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. అయినా తప్పొప్పుకోను. జవాబు మొదటి నిమిషంలోనే చెప్పేస్తే మిగతా పదిహేడూ మీరు చూస్తారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, చూస్తారా?