భక్తి పేజీలో శక్తి

మా అక్క కూతురు కుందలహళ్ళిలో ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. ఆమె చేసే పని చెబితే ఎవరూ చివరిదాకా వినరు. రాత్రీ మబ్బూ అడ్డురానంత ఎత్తున, అంతరిక్షంలో సౌర ఫలకాలు నిలపాలి. అక్కడ పుట్టిన కరెంటును కంటికి కనబడని తరంగాలుగా మార్చి, తీగ లేకుండా నేలకు పంపాలి. నేల మీద యాంటెన్నా వాటిని పట్టి మళ్ళీ కరెంటు చేస్తుంది. అంతరిక్షం సంగతి ఇంకా చాలా దూరం. తీగ లేకుండా పంపడం మాత్రం వాళ్ళ ఆఫీసు హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు జరిగింది. అవతలి గోడ దగ్గర చిన్న బల్బు వెలిగింది. ఆ వారమంతా పేపర్లు తిరగేశాను. ఒక ఆటగాడి కొత్త గడ్డం గురించి అర పేజీ వేశారు. బల్బు గురించి ఒక్క వాక్యం లేదు.

తర్వాతి పరీక్షకు ఎదురెదురుగా రెండు మిద్దెలు కావలసి వచ్చాయి. దొడ్డబళ్ళాపురంలో మా బావకు రెండు పవర్‌లూమ్ షెడ్లున్నాయి, నడుమ ఖాళీ స్థలం. సొంత నాన్నే కదా అని పిల్ల ధైర్యంగా అడిగింది. ఆయన ఒప్పుకోలేదు.

"తీగ లేకుండా కరెంటు వస్తాదా? వస్తే పేపర్లో వెయ్యరా? సుమ్నే, ఊరికే మగ్గాల కాడ గలాటా పెట్టొద్దు తల్లీ" అన్నాడట.

నెలాఖరులోగా చోటు దొరక్కపోతే ఆ బృందాన్ని వేరే పనికి మార్చేస్తామని కంపెనీ చెప్పేసింది. నేను పేపర్లకు హేతువాద వ్యాసాలు రాస్తుంటాను, అందుకే నా దగ్గరికి వచ్చింది.

"మామా, మా నాయన నన్ను నమ్మడు, పేపర్ని నమ్ముతాడు. నువ్వు రాయాల."

రాశాను. "కరెంటు అని రాయి మామా, లేకుంటే ఎనర్జీ అని రాయి" అని మరీ మరీ చెప్పింది. నేను వినలేదు. మనకు మాట ఉండగా అరువు ఎందుకు? "ఆకాశం నుంచి శక్తి" అని శీర్షిక పెట్టి పంపాను.

శుక్రవారం వచ్చింది, భక్తి పేజీలో, రాశిఫలాల పక్కన. పైన కిరణాలు చిమ్ముతున్న అమ్మవారి బొమ్మ. తరంగాలూ యాంటెన్నా ఉన్న రెండో సగాన్ని చోటు చాలక కోసేశారు. మిగిలిందల్లా చీకటి పడని చోటు, కనబడకుండా దిగివచ్చే శక్తి, అది మన ఇంట దీపమై వెలిగే రోజు. వేదికలెక్కి బాబాలను నిలదీసిన మనిషి రాసిన వాక్యాలేనా ఇవి అని నాకే అనుమానం వచ్చింది.

పేపరాఫీసుకు ఫోన్ చేసి అరిచాను. అవతల సబ్ఎడిటర్ చాలా మర్యాదస్తుడు. "శక్తి అని ఉంది కదండీ, శుక్రవారం పేజీకి సరిపోతుందనుకున్నాం. మీ వ్యాసానికి ఎప్పుడూ రానన్ని ఫోన్లు వచ్చాయి సార్" అన్నాడు.

ఆ ఫోన్ పెట్టేలోగా బావ ఫోన్.

"ఏమప్పా, ఇన్నేండ్లకు ఒక మంచి మాట రాసినావు! పాప అడిగింది ఇదేనా? అమ్మ శక్తి మన మిద్దె మీదికి దిగుతాదంటే నేనెట్ల వద్దంటాను? పాపను వచ్చేయమను. పూజారప్పకు కూడా చెప్పినా."

ఈ మాట చెబితే పిల్ల ఎగిరి గంతేసింది. "టెస్ట్ అయ్యేదాకా నువ్వు నోరు తెరవొద్దు మామా, ప్లీజ్."

"అబద్ధం మీద పరీక్ష చేస్తావా?"

"అబద్ధం నువ్వు చెప్పలేదు, నేను చెప్పలేదు. పేపర్ చెప్పింది."

మూఢనమ్మకం విజ్ఞానానికి అడ్డుగోడ అని ఊరూరా చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆ గోడే తలుపు తీసి రమ్మంటోంది. ఊరుకుంటే బల్బు వెలుగుతుంది, నోరు విప్పితే పిల్ల పని పోతుంది. ఇందులో హేతువాదం ఏ వైపున ఉంది? ఏ వేదిక మీదా నన్నెవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు.

పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. వ్యాన్లోంచి పెట్టెలు దించుతున్నారు. బావను షెడ్డు బయటికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పిల్ల దించుతున్న పెట్టెను అక్కడే వదిలి మా దగ్గరికి వచ్చింది.

"అంటే అమ్మవారు కాదా?"

"కాదు బావా. కరెంటు."

"మరి పేపరు తప్పు వేసిందా?"

"వేసింది."

"తప్పులు వేసే పేపర్లో రాసేవాడివి కదా, నీ కరెంటు మాట మాత్రం ఎట్ల నమ్మేది?"

అచ్చులో ఉన్నంత మాత్రాన ఎందుకు నమ్మాలని జీవితమంతా నేను అడిగిన ప్రశ్నే అది.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వెలుగుతాదా?"

"వెలుగుతాది నాయనా."

"మగ్గం మీదోళ్ళకు ఏమన్నా అయితే?"

"నడుమ తాడు కడతాం, ఎవ్వరూ దాటకూడదు. అంతసేపూ షెడ్లు ఆపాల."

"ఆపుతా. వెలగలేదంటే ఇంకెప్పుడూ అడగొద్దు."

మగ్గాల చప్పుడు ఆగింది. ఈ మిద్దె మీద ఏవో మీటలు నొక్కారు. ఎదుటి మిద్దె మీద బల్బు ఒకసారి మినుకుమని, నిలకడగా వెలిగింది. మీటలు ఆపాక బావ అక్కడికి వెళ్ళాడు. స్టాండు కింద తీగ కోసం వంగి చూశాడు, చుట్టూ చెయ్యి తిప్పాడు, యాంటెన్నాను తట్టాడు. ఇవతలికి వచ్చి "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ వెలిగింది. అప్పుడు పూజారిని పిలిచాడు. మీటలు ఆపించి అందరం ఎదుటి మిద్దె ఎక్కాం.

"నాయనా, యాంటెన్నాకు కుంకుమ వద్దు, రీడింగ్ పోతాది! స్టాండుకు పెట్టుకో" అంది పిల్ల.

స్టాండుకే పెట్టారు. బావ దండం పెట్టాడు, ఆపాలో వద్దో నాకు తెలియలేదు. నమ్మి మొక్కుతున్నాడా, చూసి మొక్కుతున్నాడా?

"దీన్ని పేపర్లో రాయప్పా" అన్నాడు బావ. "ఈసారి సరిగ్గా వెయ్యమను."

కిందికి దిగి సబ్ఎడిటర్‌కు ఫోన్ చేశాను. పరీక్ష నెగ్గింది, శీర్షికలో శక్తి లేదు, కరెంటు అనే రాస్తానని చెప్పాను. ఆయన కాసేపు పేజీలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"మిగతా రోజుల్లో కష్టం సార్. శుక్రవారమైతే చోటుంది."

మిద్దె మీంచి పిల్ల నా వైపు చూస్తూ, ఏమన్నారన్నట్టు చెయ్యి ఊపింది. ఏం చెప్పాలో తెలియక నేనూ చెయ్యి ఊపాను.