గుసగుసల కాపురం

ఆయన ఆఫీసుకు వెళ్లాక, బాబు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మా ఇంట్లో గట్టిగా మాట్లాడుకోవడానికి వీలున్న వేళ ఇదొక్కటే. మాట్లాడ్డానికి మాత్రం ఎవరూ ఉండరు.

మావారిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రి డ్యూటీ. అమెరికాలో తెల్లవారితే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఇక్కడ మా మెట్టుగూడలో తెల్లవారితే కంపెనీ బండి దిగి మంచమెక్కుతారు. ఆ నిద్ర కూడా విచిత్రమైనది. ఇంటి వెనక గూడ్సు బండి కిటికీ అద్దాలను గడగడలాడిస్తూ పోయినా కదలరు. వంటింట్లో నా చేతిలోంచి చెంచా జారితే లేచి కూర్చుంటారు. అందుకే కుక్కర్ కూత వేయబోతుండగానే స్టవ్ ఆపేస్తాను. పలుకు పలుకుగా ఉన్న పప్పుకు అందరం అలవాటు పడ్డాం. నా గాజులకు రబ్బరు బ్యాండు వేసుకున్నాను.

కూరగాయల బండి అతన్ని కూడా మా కిటికీ కింద అరవొద్దని బతిమాలాను. పాపం, మా వాకిలి ముందు ఒక చేత్తో టమాటా, ఇంకో చేత్తో సొరకాయ ఎత్తి చూపించి నిలబడతాడు. వీధి మలుపు తిరిగాక, అప్పటిదాకా ఆపుకున్నదంతా కలిపి ఒకేసారి అరుస్తాడు.

"నేనేమన్న దొంగసొమ్ము అమ్ముతున్ననా అమ్మా? గిట్ల సైగలు చేస్కుంట తిరిగితె ఎవలు కొంటరు?" అన్నాడొకరోజు. అదీ గుసగుసగానే అన్నాడు.

ఇలాంటి ఇంట్లో పుట్టిన మా బాబు మాటలు కూడా గుసగుసగానే నేర్చుకున్నాడు. మూడో ఏడు నడుస్తున్నా వాడి గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియదు. ఏడిస్తే కూడా నీళ్లే గాని శబ్దం ఉండదు. విజయనగరం నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే, వాడు రిసీవర్ పట్టుకుని ఏనుగు కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అటు నుంచి ఆవిడ, "ఏటే, ఫోను నైను పోనాదేటి? ఏటీ ఇనబడ్డం లేదు" అంటూనే ఉంది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. ఎండ తగలని మొక్క పాలిపోతుందని తెలుసు. చప్పుడు తగలని పిల్లాడు ఏమవుతాడో మా సిలబస్‌లో లేదు. గొంతు వాడకపోతే మూసుకుపోతుందేమోనని వాడు పడుకున్నాక టార్చి వేసి నోట్లోకి చూసేదాన్ని.

మారేడ్‌పల్లిలో ప్లేస్కూల్‌కి తీసుకెళ్తే, మేడమ్ పేరు అడిగారు. బాబు ఆవిడ చెవి కిందికి లాగి అందులో చెప్పాడు. "చాలా మంచి పేరు," అని ఆవిడ కూడా గుసగుసగా అన్నారు. ఆ తర్వాత మేమిద్దరం కూడా గుసగుసగానే మాట్లాడుకున్నాం. అది చూసి లోపల ఏదో చెడు కబురు నడుస్తోందనుకుని ఆయా తలుపు దగ్గరగా వేసింది. క్లాసులో అంతమంది పిల్లలకూ చెవి వంచలేమనీ, గొంతు వినిపించాక తీసుకురమ్మనీ మేడమ్ చెప్పారు. వాడి కంటే చిన్నపిల్ల ఒకతి పక్క గదిలో పెన్సిల్ కోసం ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే, ఆ తల్లి ఎంత అదృష్టవంతురాలో అనుకుంటూ ఆటో ఎక్కాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కూరగాయల బండి వచ్చింది. ఎప్పటిలాగే అతను టమాటా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ బయటికి రాలేదు. బాల్కనీ ఊచల మధ్య మొహం పెట్టి బాబు చాలాసేపు అతన్ని చూశాడు. అతనికి మాటలు రావనుకున్నాడో, జాలిపడ్డాడో, ఒక్కసారిగా తల వెనక్కి వంచి,

"టమాటే... వంకాయే... బెండకాయే..." అని అరిచాడు.

అచ్చం మలుపు దగ్గర వినిపించే సాగదీతే. బొంగురు గొంతు, వాళ్ల తాతగారిది. పై అంతస్తుల్లోంచి ఆడవాళ్లు సంచులతో దిగారు. నేను వాడి నోరు మూయడానికి పరిగెత్తి, చెయ్యి గాల్లోనే ఆపేశాను. సోమవారం మేడమ్ మళ్లీ పేరు అడిగితే వాడు బండిలో కూరగాయలన్నీ అరిచి చెప్పాడు. సీటిచ్చారు.

ఆ మధ్యాహ్నం మాత్రం లోపల మంచం కిర్రుమంది. లుంగీ సర్దుకుంటూ మావారు బాల్కనీలోకి వచ్చారు.

"అరిచింది ఎవరు?"

"మనవాడే," అన్నాను, గట్టిగానే.

ఆయన నేలమీద కూలబడి, "ఏదీ నాన్నా, ఇంకోసారి అరిచి చూపించు," అన్నారు.

బాబు ఆయన వైపు కంగారుగా చూశాడు. ఆయన చెవి దగ్గరికి లాగి, అందులో నోరు పెట్టి చెప్పాడు.

"ష్... నాన్న బజ్జున్నాడు."