హిందూపురం కబేళాలో అడ్రినల్ గ్రంథులు

అరవైల చివర్లో నేను బెంగళూరులో పరిశోధన చేస్తుండేదాన్ని. మెదడు కిందినుంచి వచ్చే ఒక హార్మోను తగలగానే అడ్రినల్ గ్రంథి స్టెరాయిడ్ ఎట్లా తయారుచేస్తుందనేది నా ప్రశ్న. ఆ హార్మోను కణం లోపలికి పోదనీ, కణం పొరలోని ఒక ఎంజైమును లేపుతుందనీ, అది చేసే చిన్న పదార్థమే లోపలికి కబురు మోస్తుందనీ అప్పటికే అనుకుంటున్నారు. దాన్ని గొర్రె గ్రంథుల్లో చూడాలి. మాది ధర్మవరం, చిన్నాయన ఇల్లు హిందూపురంలో. అందుకని గ్రంథులు తెచ్చే పని నా నెత్తిన పడింది.

కబేళా గడప దాటకముందే కంపు గొంతులో కూర్చునేది. నెత్తురు, పేడ కలిసిన నీళ్లు చెప్పుల్లోకి ఎక్కేవి. కసాయాయన పొట్ట చీల్చగానే, మూత్రపిండాల దగ్గరి వెచ్చటి కొవ్వులో వేళ్లు పెట్టి చిక్కుడుగింజంత గ్రంథిని వెతికి తీసేదాన్ని. ఐసు ఫ్లాస్కుతో రైలెక్కితే పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవాళ్లు. చిన్నమ్మ నా పళ్లెం వేరుగా పెట్టింది. ఆమెను ఏమనగలను? ఆ వేళ్లతో అన్నం కలుపుకోవడం నాకే రోత.

ఇంత చేసినా ఫలితం రాలేదు. హార్మోను వేయని గ్రంథి ముక్కలు కూడా వేసినవాటితో సమానంగా స్టెరాయిడ్ ఇచ్చేవి.

ఒకరోజు గ్రంథుల కోసం నిలబడి చూస్తున్నా. పెనుకొండ వైపు నుంచి నడిపించుకొచ్చిన గొర్రెలన్నిటినీ కోసే గచ్చు మీదే కట్టేసినారు. ముందుదాని నెత్తురు వెనకదాని కాళ్ల కిందికి పారుతోంది. అవి వణుకుతున్నాయి. నేను ముక్కల మీద పోసే హార్మోను, ఆ భయానికి వాటి ఒంట్లో అప్పటికే పారుతోందని అర్థమైంది.

"వీటిని ఆడ గోడవతల కట్టకూడదా?" అని కసాయాయన్ని అడిగినా.

"యాడ కట్టినా కోసేదే కదమ్మా," అన్నాడాయన. "నీకు కావల్సిన రెండింటిని వేరే కడతాలే."

నీడలో మేత వేసి ఉంచిన ఆ రెండింటి గ్రంథుల్లో తేడా తెలిసింది. హార్మోను వేసిన ముక్కల్లోనే స్టెరాయిడ్ పెరిగింది. హార్మోను లేకుండా, ఎంజైము చేసే ఆ పదార్థాన్ని మాత్రమే వేసినా పెరిగింది.

"ఇకమీద అట్లాగే తెప్పించు. తక్కినవి మనకెందుకు," అన్నారు మా ప్రొఫెసరుగారు సంతోషంగా. ఆ సంతోషం చూస్తే నాకు కబేళా కంపు కంటే ఎక్కువ అసహ్యమేసింది.

తరువాతసారి గోనెపట్టాలు తీసుకుపోయి, కోసేది వెనకవాటికి కనబడకుండా గచ్చుకు అడ్డంగా కట్టించినా. అవి నెత్తురుకు తడిసి, ఈగలు ముసిరి, చూడబుద్ధి కాకుండా తయారైనాయి. కసాయాయన మాత్రం వాటిని తీసేయలేదు. గొర్రెలు పెనుగులాడటం తగ్గిందట, పట్టుకోను సులువుగా ఉండాదట.

పరిశోధన ముగిశాక నేను మళ్లీ ఆ కబేళా వైపు పోలేదు.