తాతగారి చెట్ల పుస్తకం

మే నెల వచ్చిందంటే మా కాలేజీ గ్రంథాలయంలో మామిడి సొన వాసన మొదలవుతుంది. ఇళ్ళకు వెళ్ళొచ్చిన పిల్లలు సంచుల్లో కాయలు తెచ్చుకుని, చేతులు కడుక్కోకుండానే పుస్తకాలు ముట్టుకుంటారు. యంత్రాల రూపకల్పన గురించిన లావుపాటి పుస్తకం అట్ట మీద నల్లటి మరక పడుతుంది. మా అసిస్టెంటు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, "చూడండి మేడం, ఎలా పాడుచేశారో" అంటాడు. నేను దాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, అరలో పెట్టేస్తాను. ఎందుకంటే ఈ కాలపు మామిడిలో మిగిలిన వాసన అదొక్కటే. బజార్లో పసుపు రాసినట్టు మెరుస్తూ, కార్బైడు పొడి పొట్లాల మధ్య రెండు రోజుల్లో రంగు తెచ్చుకుని, కొరికితే పుల్లగా, పీలిస్తే ఏ వాసనా లేకుండా ఉండే కాయను నూజివీడు రసం అని అమ్మడానికి సిగ్గుండాలి. అలాంటి కాయ మా ఇంట్లో కనిపిస్తే గేదెల కుడితిలో వేసేవాళ్ళు.

మా ఊరు నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ఉంది. మమ్మల్ని మేడ ఇంటివాళ్ళు అనేవారు. ఇప్పుడు ఆ మేడా లేదు, ఆ మాట అనేవాళ్ళూ లేరు. కానీ ఆటో ఎక్కేటప్పుడు తప్ప నడుం వంచే అలవాటు నాకు ఇప్పటికీ రాలేదు.

మాఘం వచ్చేసరికి తోటంతా పూత పట్టి, ఆ వాసన మేడ మీద ఆరేసిన బట్టలకు కూడా అంటుకునేది. ఫాల్గుణంలో రాలిన పిందెలు ఏరుకుని ఉప్పూ కారం అద్దుకుని పళ్ళు పులిసిపోయేదాకా తినేవాళ్ళం. ఉగాది పచ్చడిలోకి మొదటి కాయ తాతగారి చేత్తో కోసిందే అయ్యుండాలి. ఆ తరవాత పెరట్లో ఆవకాయ ముక్కలు కొట్టే చప్పుడు, కొత్త కారం ఘాటుకు ఇంటిల్లిపాదికీ తుమ్ములు, ఎండలు ముదిరాక మేడ మీద చాపల నిండా పొరలు పొరలుగా ఆరే తాండ్ర. చీమలు పట్టకుండా కాపలా కాయమని మమ్మల్ని అక్కడ కూర్చోబెడితే, సాయంత్రానికి చీమలు తినగలిగిన దానికంటే ఎక్కువ మేమే అంచులు గిల్లి తినేసేవాళ్ళం.

ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు పండ్ల గది. కిటికీలు మూసిన ఆ గదిలో వరిగడ్డి పరిచి, చిన్నరసాలు ఒక వరస, పెద్దరసాలు ఒక వరస, చెరుకురసాలు ఒక వరస, మళ్ళీ ప్రతి వరసలోనూ కోసిన రోజును బట్టి గుంపులు గుంపులుగా కాయలు పేర్చి, గోడ మీద సుద్దతో గుర్తులు రాసేవారు. ఆ గదికి అధికారి మా నాయనమ్మ. "నొక్కి చూడకే, వాసన చూసి తియ్యి. తీసింది మళ్ళీ ఇంకో వరసలో పెట్టావో, చెయ్యి విరగ్గొడతా" అనేది. తరవాత నేను విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు కూర్చుని గ్రంథాలయ శాస్త్రం చదివాను గానీ, అందులో ముఖ్యమైన భాగమంతా నాయనమ్మ ఆ గది గుమ్మంలోనే చెప్పేసింది.

తాతగారు తోటను చదివేవారు. వేరే మాట దొరకడం లేదు. తెల్లారగానే పంచె ఎగ్గట్టి, ఒక చేతిలో భూతద్దం, చంకలో ఎర్రగుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం పెట్టుకుని బయలుదేరేవారు. ప్రతి చెట్టుకూ రాగి తీగతో ఒక రేకు బిళ్ళ కట్టి ఉండేది. బిళ్ళ మీద నంబరు, పుస్తకంలో అదే నంబరు పేజీ. ఆ చెట్టు ఏ ఏడు ఎప్పుడు పూసింది, ఎంత కాసింది, ఏ తెగులు వచ్చింది, కాయ రుచి ఎలా ఉంది అన్నీ ఊదారంగు పెన్సిల్ మొనను నాలుకతో తడి చేసుకుంటూ రాసేవారు. నంబర్లు నడిచే వరసలో ఉండేవి కావు, అంటు కట్టిన వరసలో ఉండేవి. అందువల్ల మూడో నంబరు పక్కన తొంభయ్యో నంబరు ఉండవచ్చు. బిళ్ళ చూడకుండా ఏ చెట్టు ఏదో చెప్పగలిగినవాడు తోటమాలి ఏసోబు ఒక్కడే. అతని తలలో ఉన్నది కూడా పుస్తకంలోకి ఎక్కించాలని తాతగారు అంటూ ఉండగానే అతను పోయాడు.

ఆ పుస్తకంలో తాతగారు నాకు మళ్ళీ మళ్ళీ తీసి చూపించిన పేజీ నూటపన్నెండో నంబరుది. చిన్నరసం చెట్టు. మామిడి పూత మీద తేనెమంచు పురుగు వాలితే పూత నల్లబడి మాడిపోతుంది, ఆకులు జిగురు కారతాయి. ఇప్పుడు మా ప్రాంతమంతా పూత కళ్ళబడగానే మందు కొట్టేది ఆ పురుగు కోసమే. చుట్టూ ఉన్న చెట్లన్నీ పురుగు పట్టి మాడిన సంవత్సరాల్లో కూడా నూటపన్నెండు మీద అది వాలలేదు. 'ఈ ఏడు కూడా వాలలేదు' అన్న వాక్యం ఆ పేజీలో ఒకదాని కింద ఒకటిగా తొమ్మిదిసార్లు ఉంది. పది ఏళ్ళు చూసి గానీ నమ్మకూడదని, నమ్మాక ఆ చెట్టు అంట్లు అడిగిన ప్రతి రైతుకూ ఇవ్వాలని ఆయన పట్టుదల.

పదో ఏడు రాలేదు. మా పెదతాతగారి కొడుకులు వేసిన దావాలో తీర్పు వచ్చి, తోటలో సగం, అందులోనే చిన్నరసాల చెక్క అని పిలిచే ఎనభై చెట్ల నేల ముక్క మొత్తం, వాళ్ళ వాటాకు పోయింది. ఆషాఢంలో అప్పగించాలి. ఆ పెదనాన్న వాళ్ళు కొలతల కోసం వచ్చి, మా అరుగు మీద చెప్పులతో కూర్చుని, మా తాతగారిని పేరు పెట్టి పిలిచారు. నాకు పదేళ్ళు. ఆ పిలుపు నేను ఈ రోజుకీ క్షమించలేదు.

వాళ్ళు చెట్లు తీసుకుంటే తీసుకోనీ, చెట్ల గుట్టు మాత్రం దక్కకూడదనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలై అందరూ కునుకు తీస్తుంటే, పటకారు, ముక్కాలిపీట తీసుకుని రసాల చెక్కలోకి వెళ్ళాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. తీగలు మెలిదిప్పి బిళ్ళలన్నీ ఒళ్ళో వేసుకుని దిగుడుబావిలో పారబోశాను. అవి మునిగిపోతుంటే గొప్ప యుద్ధం గెలిచినట్టు అనిపించింది. ఆ సాయంత్రమే తాతగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఇక వాళ్ళకేం తెలియదు తాతగారూ."

"ఏం తెలియదమ్మడూ?"

"ఏ చెట్టు ఏదో. బిళ్ళలన్నీ పీకేసి బావిలో వేశాను."

ఆయన పెన్సిల్ కింద పెట్టారు. "అన్నీనా?"

"రసాల చెక్కలో ఒక్కటీ మిగల్లేదు."

"ఆ నంబర్లు వాళ్ళ కోసం రాసింది కాదు తల్లీ, నా కోసం" అన్నారు.

"చెట్లెక్కడికి పోతాయి తాతగారూ, తోటలోనే ఉన్నాయిగా" అన్నాను.

ఆయన తిట్టలేదు. అప్పగింతకు ముందు ఆ వారంలోనే, వానలు పడ్డాయి కనుక, నూటపన్నెండో చెట్టు కొమ్మలు కోసి మా వాటాలో అంట్లు కట్టుకుందామని ఆయన అనుకున్నారట. మరునాటి నుంచి మూడు రోజులు, మసక కళ్ళతో, భూతద్దం పట్టుకుని ఎనభై చెట్ల మధ్య తిరిగారు. కాయలన్నీ కోసేశారు, పూత రావడానికి ఇంకా ఆరు నెలలుంది, మాను చూసి పోల్చడానికి ఏసోబు లేడు. చివరికి ఊహ మీద అయిదు చెట్ల కొమ్మలు కోసి అంట్లు కట్టించారు. పెదనాన్న వాళ్ళు కార్తీకం లోపే ఆ చెక్కంతా నరికించి కలప కింద లారీలకెత్తారు. నాలుగేళ్ళకు మా అంట్లు పూశాయి. అయిదింటి మీదా పురుగు వాలింది. అది చూడటానికి తాతగారు లేరు.

ఆ తరవాత మా సగం కూడా ముక్కలు ముక్కలుగా పోయింది, మేడా పోయింది. నేను పుస్తకాల చదువు చదువుతానంటే, "పుస్తకాలు అందివ్వడానికి కూడా చదువేంటే?" అని మా మేనత్త నవ్వింది. మా కాలేజీలో కొందరు అధ్యాపకులు ఇప్పటికీ అలాగే నవ్వుతారు. ముప్పై ఏళ్ళుగా ఇంజినీరింగు పిల్లలకు పరిశోధన పత్రికలు ఎలా వెతకాలో, పేటెంటు ఎలా చదవాలో, ఎక్కడి నుంచి తీసుకున్నామో ఎలా చెప్పాలో నేర్పాను. మొదటి క్లాసులో ఒక పుస్తకాన్ని తీసి రెండు అరల అవతల పెట్టి, వెతకమనేదాన్ని. గంటసేపు నలభై మంది వెతికినా దొరికేది కాదు. ఇక ఆ పాఠం వాళ్ళకు జీవితాంతం గుర్తుండేది. నిరుడు ఆ క్లాసు తీసేసి, ఆ గంటలో ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పిస్తున్నారు.

ఈ ఏడు అంతకంటే ఘనకార్యం జరిగింది. తనిఖీ బృందం వస్తుందని, రెండో శనివారం నేను లేనప్పుడు, పరిపాలనాధికారి కూలీలను పెట్టి గ్రంథాలయమంతా సర్దించారు. సోమవారం వచ్చి చూద్దును కదా, పొడుగు పుస్తకాలు ఒక వైపు, పొట్టివి ఒక వైపు, నీలం అట్టలన్నీ ఒక చోట. నంబరు చీటీలు ఫోటోలో బాగుండవని సగం గీకేశారు.

"ఎవరినడిగి చేశారండీ?" అన్నాను.

"సర్దడానికి అడగడమేంటి మేడం? నీట్‌గా ఉంది కదండీ."

"వెల్డింగ్ పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పండి."

"ఎక్కడికి పోతాయండీ, ఈ గదిలోనే ఉంటాయి" అని ఆయన నవ్వాడు. నేను అందరి ముందూ గట్టిగా అరిచానని తరవాత నాకు నోటీసు వచ్చింది. అరిచిన మాట నిజమే. పదేళ్ళ పిల్ల కోపంలో చేసిన పనిని, యాభై ఏళ్ళ మనిషి డిగ్రీలు పెట్టుకుని, జీతం తీసుకుంటూ, ఫోటో కోసం చేస్తే అరవక ఏం చెయ్యాలి?

ఆ పుస్తకాలన్నీ మళ్ళీ వరసకు తెస్తున్న రోజుల్లోనే స్టెల్లా అనే విద్యార్థిని నా గదికి వచ్చింది. రెడ్డిగూడెం పిల్ల, వాళ్ళ నాన్నకు నాలుగెకరాల మామిడి తోట. పూతను ఫోటో తీస్తే తేనెమంచు పురుగును గుర్తుపట్టే ప్రోగ్రాం తయారు చేస్తోంది. పాత వివరాలేమైనా ఉంటాయా అని అడిగితే, ఎవరికీ ఇవ్వని తాతగారి పుస్తకాన్ని బీరువాలోంచి తీసి ఆ పిల్ల ముందు పెట్టాను. మధ్యాహ్నమంతా చదివింది. లేచి వచ్చి, నూటపన్నెండో పేజీ మీద వేలు పెట్టింది.

"మేడం, ఈ చెట్టు ఎక్కడుందండి? దీని అంటు ఉంటే మా నాన్న మందు కొట్టడం మానేస్తాడండి. కొట్టినప్పుడల్లా రెండు రోజులు మంచం మీదే ఉంటున్నాడు."

దీనికి నా దగ్గర ఎప్పటి నుంచో ఒక జవాబు ఉంది: మా దాయాదులు నరికించేశారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, మా తోట ఏమైందని అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పాను. అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల అడిగిందానికి జవాబు కూడా కాదు. జరిగింది మొత్తం చెప్పాను.

"చిన్నపిల్లలు కదండీ, తెలీక చేసుంటారు" అంది.

"తెలిసే చేశాను. గుర్తులు లేకపోతే చెట్టు దొరకదని తెలుసు కనుకే తీశాను" అన్నాను.

ఇప్పుడు రసాల చెక్క ఉన్న చోట పామాయిలు తోట ఉంది. పూత వాసన బట్టలకు అంటుకునే ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు, మాఘం వస్తే గాలి నిండా మందు వాసనే. పురుగు ముట్టని చెట్టు ఒకటి మా నేల మీద పుట్టిందన్న సంగతి ఆ ఒక్క పేజీకి తప్ప ఎవరికీ తెలియదు.

"నీ రిపోర్టులో రాయి. ఇలాంటి చెట్టు ఉండేదని రాయి, దొరకదని రాయి, ఎందుకు దొరకదో రాయి" అన్నాను.

"ఎందుకో కూడానా అండి? ఎవరు చెప్పారని రాయనండి?"

"చేసినవాళ్ళే చెప్పారని రాయి. కింద నా పేరు వెయ్యి."

ఆ పిల్ల పెన్ను మూత తీసింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కొక్క అక్షరమే, ఇంటిపేరుతో సహా చెప్పాను.